ఆరు కోతల సంఖ్య

కిరాణా కొట్లలో బిల్లు కొట్టే సన్నటి కాగితం చుట్ట మీ చేతిలో ఉంది. హాల్లో గచ్చు మీద దాన్ని పొడవుగా పరిచారు. స్కేలు పెట్టి మూడు సెంటీమీటర్లకో అడ్డగీత గీస్తూ పోతే, మనిషి పడుకున్నంత మేర అరవై నాలుగు గళ్ళు వచ్చాయి. చదరంగం పలకలోని ఎనిమిది వరసలనూ విడదీసి ఒకే దారిగా అతికించామన్నమాట. పక్కనే గిన్నెలో సోనా మసూరి బియ్యం. కాగితం లేవకుండా ఫ్యాను ఆపేశారు.

మొదటి గడిలో ఒక గింజ. రెండో గడిలో రెండు. మూడో దాంట్లో నాలుగు, నాలుగో దాంట్లో ఎనిమిది. ఎనిమిదో గడికి 128 అయ్యాయి, చిటికెడు బియ్యం. ఇంతవరకూ వేలితో జరుపుతూ లెక్కపెట్టారు. తొమ్మిదో గడికి 256 అనగానే విసుగొస్తుంది, రావాలి కూడా. లెక్క మానేసి తూకంలోకి దిగండి. వెయ్యి గింజలు ఇరవై గ్రాములు అనుకుందాం. పదిహేడో గడికి 65,536 గింజలు, అంటే కిలో మూడు వందల గ్రాములు. మూడు సెంటీమీటర్ల గడిలో అది ఇమడదు. కుప్ప జారి పక్క గళ్ళ మీద పడుతోంది. ఇరవై రెండో గడికి 42 కిలోలు. ఇరవై ఆరో గడికి 671 కిలోలు. ఇప్పుడు మార్కెట్లో నడిచేవి 26 కిలోల బస్తాలే కదా. 26వ గడికి 26 కిలోల బస్తాలు 26 అన్నమాట. ఐదు కిలోలు తగ్గిన మాట నిజమే. కానీ ఇంత చక్కగా కుదిరినప్పుడు ఐదు కిలోల దగ్గర పేచీ పెట్టుకోకూడదు.

ముప్పై రెండో గడికి 43 టన్నులు. ఇక హాల్లో చోటు లేదు, వీధిలో లారీలు ఆగి ఉన్నాయి. సగం దారి వచ్చారు కాబట్టి ఒకసారి వెనక్కి తిరిగి చూడండి. ముప్పై రెండు గళ్ళలో పోసింది మొత్తం 4,29,49,67,295 గింజలు. ముందున్న ముప్పై మూడో గడి ఒక్కటే అడుగుతున్నది 4,29,49,67,296. ఇంతవరకూ పోసినదంతా ఈ ఒక్క గడికి సరిపోవడానికి ఒక్క గింజ తక్కువైంది. ఏ గడి దగ్గర నిలబడి చూసినా ఇదే లెక్క. వెనకవన్నీ కలిపితే ఎదుటి గడికి ఒకటి తక్కువ. ఆ ఒక్క గింజనూ చూసుకోండి, ముందు ముందు దానితో చాలా పని ఉంది.

రెండో సగాన్ని నడవలేం, ఊహించుకోవడమే. అరవై నాలుగో గడి నిండేసరికి మొత్తం 36,900 కోట్ల టన్నుల బియ్యం కావాలి. ఏటా ప్రపంచమంతా కలిసి పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకు. అంటే అందరం ఉపవాసం ఉండి దాచినా దాదాపు ఏడు వందల ఏళ్ళు పడుతుంది. చదరంగం కనిపెట్టినవాడు రాజును ఈ వరం అడిగాడన్న కథ 13వ శతాబ్దంలోనే ఇబ్న్ ఖల్లికాన్ అరబ్బీ గ్రంథంలోకి ఎక్కింది. అప్పటినుంచీ చెప్పేవాళ్ళంతా రాజు తెల్లబోయిన చోట కథ ఆపేస్తున్నారు. నాకు ఆ రాజు మీద పెద్ద ఆసక్తి లేదు. అసలు సంగతి ఆయన తెల్లబోయాకే మొదలవుతుంది.

మొత్తాన్ని కాగితం చివర రాయండి: 18446744073709551615. ఇరవై అంకెలు. మన లెక్కలో చదవాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఇంకా తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. చదివేలోపు మొదలు మరిచిపోతాం. అందుకే మనవాళ్ళు దీన్ని పద్యంలో బిగించారు. చదరంగం గళ్ళ రెట్టింపు మీద తెలుగులో ఒక పాత పద్యం ఉంది. అందులో అంకెలు ఉండవు, వాటికి బదులు వస్తువులు ఉంటాయి. మన్మథుడి బాణాలు ఐదు, చందమామ ఒకటి, శరీరంలోని రంధ్రాలు తొమ్మిది, ఆకాశమంటే శూన్యం, వేదాలు నాలుగు. ఇలా ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తూ ఇరవై అంకెలూ ఛందస్సులో ఇమిడిపోయాయి. కుడి నుంచి ఎడమకు అంటే వింతగా ఉంటుంది కానీ, చేత్తో రెట్టింపులు కడుతుంటే అంకెలు పుట్టేది ఆ క్రమంలోనే. ఒక అంకె మారితే పదం మారుతుంది, చాలాసార్లు గణం తప్పుతుంది. ఎత్తి రాసేవాడి చేతిలో అంకెలు చెడిపోకుండా ఇంతకంటే మంచి కాపలా నాకు తెలీదు.

ఇప్పుడు కత్తెర అందుకోండి.

32కూ 33కూ మధ్య గీత మీద కత్తిరించండి. కుడి ముక్కను తెచ్చి ఎడమ ముక్క మీద పెట్టండి. 33వ గడి ఒకటో గడి మీద కూర్చుంది, 34 వచ్చి రెండు మీద, చివరికి 64 వచ్చి 32 మీద. పై గడిలో ఉన్నది కింది గడికి ఎన్ని రెట్లో చూడండి. మొదటి జంటలో పైన 4,29,49,67,296 గింజలు, కింద ఒకటి. రెండో జంటలో పైనా రెట్టింపే, కిందా రెట్టింపే. నిష్పత్తి మారలేదు. ఏ జంట ఎత్తి చూసినా పైది కిందిదానికి 4,29,49,67,296 రెట్లు. కింది గడిని కూడా కలుపుకుంటే జంట మొత్తం 4,29,49,67,297 రెట్లు. అంటే మన ఇరవై అంకెల సంఖ్య, కింది సగం మొత్తాన్ని 4,29,49,67,297తో గుణిస్తే వచ్చినది. ఒక్క కోతకే అంత సంఖ్యా రెండుగా విడిపోయింది.

మళ్ళీ కత్తిరించండి, ఈసారి 16కూ 17కూ మధ్య. పదిహేడో గడిలో 65,536, దాని కిందికి వచ్చింది ఒకటి. గుణకం 65,537. మూడో కోతకు 257. నాలుగో కోతకు 17. ఐదో కోతకు 5. ఆరో కోతకు 3. ఇక కత్తిరించడానికి ఏమీ లేదు. గడి మీద గడిగా అరవై నాలుగు ముక్కలు ఒకే దొంతర, అట్టడుగున ఒక్క గింజ. కాగితం మీద మిగిలింది ఇది:

3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297

సరి చూసుకోవాలనిపిస్తే సులువైనవి ముందు చూడండి. సంఖ్య చివర 5 ఉంది, ఐదుతో పోతుంది. ఇరవై అంకెలూ కూడితే 87, మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. మిగతావి ఓపిక ఉన్నవాళ్ళ పని. 64 అనేది ఆరుసార్లు సగానికి విరుగుతుంది కాబట్టే ఆరు కోతలు వచ్చాయి. పలకకు అరవై ఐదు గళ్ళుంటే ఈ ముచ్చట ఉండేది కాదు.

దొంతరను పక్కన పెట్టి ఆ ఆరు సంఖ్యలనే చూడండి. 3, 5, 17, 257 ప్రధాన సంఖ్యలు. 65,537 కూడా ప్రధానమే. 257 కంటే చిన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూస్తే ఒక పూటలో తేలుతుంది. ఈ 65,537 మీకు పరిచయం లేనిదేమీ కాదు. ఫోన్లో బ్యాంకు పేజీ తెరిచినప్పుడు వెనక నడిచే రహస్య లిపిలో ఘాతంగా ఎక్కువగా వాడేది దీన్నే. ఇక ఆరోది, మొదటి కోతకు వచ్చిన పది అంకెలది. తులూజ్ న్యాయస్థానంలో పనిచేస్తూ తీరిక వేళల్లో లెక్కలు చేసుకున్న ఫెర్మా 1640లో ఇలా వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకంగా ఉత్తరాల్లో రాశాడు. రుజువు తన దగ్గర లేదనీ ఒప్పుకున్నాడు. ఐదు కోతలు ఆయన మాట నిలబెట్టాయి. ఆరోదాన్ని పరీక్షించాలంటే 65,536 లోపు ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించాలి. అవి ఆరు వేల ఐదు వందలకు పైనే.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు రండి. నేవా నది ఒడ్డున సైన్సు అకాడమీ. 1729 డిసెంబర్ 1న మాస్కో నుంచి గణితజ్ఞుడు గోల్డ్‌బాఖ్ రాసిన ఉత్తరం ఇక్కడికి వచ్చింది. చివర్లో ఒక తోక వాక్యం: ఫెర్మా చెప్పిన ఈ మాట నీకు తెలుసా అని. అందుకున్న కుర్ర గణితజ్ఞుడు ఆయిలర్‌కు ఇరవై రెండేళ్ళు. మొదట పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత పట్టుకున్నాక వదల్లేదు. 1732లో అకాడమీ ముందు పెట్టిన వ్యాసంలో ఆ పది అంకెల సంఖ్య 641తో నిశ్శేషంగా పోతుందని రాసేశాడు. ఎలా దొరికిందో ఆ వ్యాసంలో చెప్పలేదు. దారి ఏమిటో చాలా ఏళ్ళ తర్వాత ఇంకో వ్యాసంలో చూపించాడు. ఆయన బల్ల పక్కన కూర్చుని ఆ దారిన మనమే నడుద్దాం.

641 గింజలు పట్టే కొలపాత్ర ఒకటి ఉందనుకోండి. కత్తిరించని పట్టీ ఒకటి మళ్ళీ పరిచి, మొదటి గడి నుంచి బయల్దేరండి. ప్రతి గడిలోని బియ్యాన్నీ ఈ పాత్రతో కొలిచి, కొలతకు రాక మిగిలిన గింజలే రాసుకోండి. 1, 2, 4, 8... పదో గడిలో 512. పదకొండో గడిలో 1,024, ఒక కొలత పోగా 383. కుప్ప ఎంత పెరిగినా మిగులు మాత్రం 640 దాటదు. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తిరిగి 1 దగ్గరికి రావాల్సిందే. అక్కడినుంచి వరస మళ్ళీ మొదలు. పాత్ర పరిమాణం ప్రధాన సంఖ్య అయితే, ఈ చక్రం ఎన్ని గళ్ళకు తిరుగుతుందో ఆ సంఖ్య పాత్ర పరిమాణంలో ఒకటి తీసేసినదాన్ని భాగించి తీరుతుంది. ఇది చెప్పినవాడు ఎవరనుకున్నారు, ఫెర్మాయే. అదే ఏడు, ఫ్రెనికల్ అనే తోటి గణితజ్ఞుడికి రాసిన ఇంకో ఉత్తరంలో. తన నమ్మకాన్ని కూల్చే పనిముట్టు తన సంచీలోనే ఉంది, బయటికి తీయలేదు.

ఒక ప్రధాన సంఖ్య మన పది అంకెలదాన్ని నిశ్శేషంగా భాగిస్తుందనుకోండి. అప్పుడు 33వ గడి కుప్పకు ఒక్క గింజ చేరిస్తే కొలత సరిపోవాలి. అంటే 33వ గడి దగ్గర మిగులు పాత్ర నిండడానికి సరిగ్గా ఒకటి తక్కువ ఉండాలి. ఇంకో ముప్పై రెండు అడుగులకు, పట్టీ దాటి ఒక అడుగు వేసి 65వ గడి దగ్గర నిలబడితే, మిగులు 1. చక్రం పొడవు 64. కాబట్టి ఆ ప్రధాన సంఖ్యలో ఒకటి తీసేస్తే 64తో పోవాలి. వేల ప్రధాన సంఖ్యలు ఒక్కసారిగా రాలిపోయాయి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641 అని 64 చొప్పున పెంచుకుంటూ, ప్రధానాలను మాత్రం ఏరుకోండి: 193, 257, 449, 577, 641.

పది అంకెల భాగహారం కూడా అక్కర్లేదు. 33వ గడి అంటే 65,536ను దానితోనే గుణించినది. కాబట్టి 65,536 మిగులు తీసి, దాని వర్గం కట్టి, మళ్ళీ మిగులు తీసి, ఒకటి కలిపితే చాలు. 193తో మొదలుపెట్టండి: 65,536లో మిగులు 109. దాని వర్గం 11,881, అందులో మిగులు 108. ఒకటి కలిపితే 109. సున్న కాదు. 257తో మిగులు 2. 449తో 325. 577తో 288. ఇక 641. 65,536లో 102 కొలతలు పోగా 154 మిగిలాయి. 154 వర్గం 23,716. పెన్సిలు ఆగే చోటు ఇదే: 641ని 37తో గుణిస్తే 23,717. ఒక్కటి తక్కువ. దారిలో చూసుకోమన్న ఆ ఒక్క గింజను ఇప్పుడు వెయ్యండి. కొలత సరిపోయింది, శేషం సున్న.

ఐదో ప్రయత్నానికే. ఫెర్మా ఐదు భాగహారాలు చేసి ఉంటే ఆ మాట రాసి ఉండేవాడు కాదు.

257తో మిగులు 2 వచ్చింది కదా, అది కాకతాళీయం కాదు. మొదటి సగం మొత్తం 4,29,49,67,295, మొదటి కోత గుణకం 4,29,49,67,297. రెండింటికీ తేడా 2. మొదటి సగాన్ని 3, 5, 17, 257, 65,537 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి. కాబట్టి వాటిలో దేనితో భాగించినా పది అంకెలదాంట్లో రెండు మిగిలి తీరుతుంది. ఒక కోతలో వచ్చిన ప్రధాన కారణాంకం ఇంకో కోతలో మళ్ళీ కనిపించదు. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే 257ను కొలవకుండానే వదిలెయ్యొచ్చు. 1878లో ఫ్రెంచి గణితజ్ఞుడు ఎదువార్ లూకా ఇంకో మెట్టు ఎక్కి, 64 కాదు 128తో పోవాలని చూపించాడు. అప్పుడు వరస 129, 257, 385, 513, 641. ప్రధానాలు రెండే, అందులో 257ను పక్కన పెట్టేశాం. నేరుగా 641 దగ్గరికే వచ్చి పడతాం.

ఈ లూకాయే 1883లో మూడు కర్రల మీద బిళ్ళలు మార్చే హనోయ్ గోపురం ఆటను మారుపేరుతో అమ్మకానికి పెట్టాడు. దానికి కాశీలో అరవై నాలుగు బంగారు బిళ్ళలు మారుస్తున్న పూజారుల కట్టుకథ తోడైంది. మార్పుల సంఖ్య మన ఇరవై అంకెలదే. క్షణానికొకటి మార్చినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. బ్రహ్మకు ఒక పగలంటే 432 కోట్ల ఏళ్ళు కాబట్టి అలాంటివి 135 పగళ్ళు.

641తో భాగిస్తే వచ్చిన భాగఫలం 67,00,417. ఇది ప్రధానమో కాదో తేలందే పని అయిపోయినట్టు కాదు. ఇదీ పది అంకెలదాంట్లోని ముక్కే కాబట్టి దీన్ని భాగించేది ఏదైనా లూకా నియమానికి లోబడాలి. 67,00,417 వర్గమూలం 2,588 చిల్లర. అంతలోపు 128 చొప్పున పెరిగే వరసలో నిలబడే ప్రధానాలు, 257 పోగా, నాలుగే: 641, 769, 1,153, 1,409. కూర్చుని నాలుగు భాగహారాలు చేయండి. శేషాలు వరసగా 44, 120, 334, 622. ఒక్కటీ సున్న కాలేదు. ప్రధానమే. కాబట్టి చదరంగం సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాలేదు. ప్రతిదాన్నీ తీసుకోవడమో వదిలేయడమో రెండే దారులు కాబట్టి, ఈ సంఖ్యను నిశ్శేషంగా భాగించేవి మొత్తం 128. ఎనిమిదో గడిలో పోసిన గింజలెన్నో ఇవీ అన్నే.

కోతకు దొరికిన కింది సగాన్ని పారేయకండి. 4,29,49,67,295 విడిగా కూడా ఘనమైనదే. గౌస్ పద్దెనిమిదేళ్ళ వయసులో, 1796లో, స్కేలు, వృత్తలేఖినితో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని తేల్చాడు. ఆ పనిముట్లతో ఏయే బేసి భుజాల బహుభుజులు వస్తాయంటే, ఫెర్మా ప్రధానాలను, అంటే ఇలా కోతలకు వచ్చే గుణకాల్లో ప్రధాన సంఖ్యలైనవాటిని, ఒక్కోసారి మాత్రమే వాడి గుణించగా వచ్చినవి. మనకు తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే, ఆ ఐదూ మన కింది సగంలో ఉన్నాయి. కాబట్టి గీయగలమని తెలిసిన బేసి బహుభుజులు 31. వాటిలో అన్నిటికంటే పెద్దదానికి 4,29,49,67,295 భుజాలు. దాన్నెవరూ గీయరు, గీసినా కంటికి వృత్తమే. కానీ 65,537 భుజాలదాన్ని గీసే పద్ధతి కోసం హెర్మెస్ అనే జర్మన్ పదేళ్ళు కూర్చుని రాసిన కాగితాల పెట్టె గొట్టింగెన్‌లో ఉంది. ఆయన ఓపికకు దండం పెట్టాలో, ఇంట్లోవాళ్ళ ఓపికకు పెట్టాలో తేల్చుకోలేను.

పట్టీని రెట్టింపు చేస్తే? 128 గళ్ళు. ఏడు కోతలు. కొత్తగా వచ్చే గుణకం 18446744073709551617, మన సంఖ్యకు సరిగ్గా రెండు ఎక్కువ. ఇది కూడా విరిగింది. 1880లో ఎనభై దాటిన ఫ్రెంచి ముసలాయన లాండ్రీ దీన్ని 2,74,177తో విడగొట్టి చూపించాడు. పట్టీ రెట్టించినకొద్దీ కొత్త గుణకాలు వస్తూనే ఉన్నాయి. యంత్రాలు వచ్చాక పరీక్షలు ఊపందుకున్నాయి. 641 దగ్గర మొదలైన ఓటమి వరసగా ఇరవై ఎనిమిది గుణకాల దాకా సాగింది, అందులో ఒక్కటీ ప్రధానం కాలేదు. ఆ తర్వాతది మాత్రం ప్రధానమో కాదో ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. దాని కోసం పరచాల్సిన పట్టీలో గళ్ళు 1,717 కోట్ల పైన. మూడు సెంటీమీటర్లకో గీత చొప్పున బిల్లు కాగితం ఐదు లక్షల పదిహేను వేల కిలోమీటర్లు కావాలి, చంద్రుడు సగటున ఉన్నది నాలుగు లక్షల లోపే.